శత్రువు గుర్తుపట్టిన వేళ

"సార్, విలన్‌కి హీరో అసలు ఎవరో తెలిసిపోయాక ఇంక సినిమాలో ఏముంటుంది? లేచి ఇంటికి పోవచ్చు కదా?"

కొల్లాపూర్ నుంచి ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఓ కుర్రాడు రాసిన ప్రశ్న ఇది. ఉత్తరం మొత్తం నాలుగు పేజీలు! ఈ మాట మీద తనకీ, పక్క బెంచీ మిత్రుడికీ పందెం పడిందట. మాటా మాటా పెరిగి ఇద్దరూ వారం రోజులుగా పలకరించుకోవడం లేదట. "మీరే తీర్పు చెప్పాలి" అని అడ్డగీత కొట్టి మరీ రాశాడు. సినిమా గురించి మాట్లాడుకోవడం మానేసిన స్నేహితులంటే నాకు జాలి. అందుకని ఈ వారం మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి దీన్నే పట్టుకున్నాను. మిగిలినవాళ్ళు కోప్పడవద్దు.

ముందుగా తమ్ముడి వాదం వినండి. ముసుగు వీరుడి కథలో మజా అంతా దాపరికంలోనే ఉందంటాడు. పగలు అమాయకుడు, రాత్రి వీరుడు. ఆ రెండూ ఒకరే అని మనకు తెలుసు, తెర మీద వాళ్ళకు తెలియదు. అందుకే ఈలలు. శత్రువుకి తెలిసిన క్షణాన ఆ గాలి పోయి బెలూన్ చప్పబడుతుంది. పైగా హీరో ఎక్కడో ఒక పొరపాటు చేస్తే తప్ప శత్రువుకి తెలియదు కాబట్టి, హీరో తెలివితక్కువవాడని కూడా ఒప్పుకున్నట్టే! ఇదీ వాదం.

బాగానే ఉంది. కానీ నేనొప్పుకోను. ఎందుకొప్పుకోనో చెప్పాలంటే హాలీవుడ్‌కి వెళ్ళనక్కరలేదు, విరాటరాజు వంటింటికి వెళితే చాలు.

1963లో వచ్చిన 'నర్తనశాల' మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం. ఎన్.టి.రామారావు బృహన్నల, సావిత్రి సైరంధ్రి, ఎస్.వి.రంగారావు కీచకుడు. ఆ కీచకుడికే 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. భీముడి వేషానికి బరువులెత్తడంలో దేశమంతా పేరున్న దండమూడి రాజగోపాలరావును తెచ్చి నిలబెట్టారు. అదంతా సరే, కథ ఏమిటి? పన్నెండేళ్ళ వనవాసం అయింది. పదమూడో ఏడు ఎవరికీ తెలియకుండా గడపాలి. ఆ ఏడాదిలో ఒక్కరు గుర్తుపట్టినా మళ్ళీ మొదటి నుంచి పన్నెండేళ్ళు అడవి, పైన ఒక ఏడు అజ్ఞాతం. ఇంతకన్నా గట్టి ముసుగు కథ ఎక్కడుందో చూపించండి!

ముసుగులు కూడా ఒకటి కాదు, రెండు పొరలు. పైకి కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు. లోపల వాళ్ళలో వాళ్ళు పిలుచుకోవడానికి జయ, జయంత, విజయ, జయత్సేన, జయద్బల అని మరో అయిదు పేర్లు. ఇక ఆయుధాలు! శవంలా మూటకట్టి, ఊరి బయట జమ్మిచెట్టు మీద, శ్మశానం దగ్గర వేలాడదీశారు. ఆ కంపుకి ఎవడూ దగ్గరికి రాడు. గబ్బిలం మనిషికి నేలమాళిగలో గుహ ఉంటేనే మనం నోరెళ్ళబెట్టాం. మన అర్జునుడి బీరువా చెట్టు కొమ్మ మీద ఉంది. దసరానాడు మన తెలంగాణలో జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అని ఒకరికొకరు ఇచ్చుకుని పెద్దల కాళ్ళకు మొక్కుతాం కదా, అది ఆ చెట్టు ఆకే.

ఇప్పుడు భీముడి సంగతి. పగలు వంటవాడు. కీచకుడు సైరంధ్రి వెంట పడ్డాడు. రాత్రిపూట, చీకట్లో, నర్తనశాలలో వాడి కథ ముగిసింది. తెల్లారి అడిగితే సైరంధ్రి ఏం చెప్పింది? నా భర్తలు అయిదుగురు గంధర్వులు, వాళ్ళు చంపారంది. అంటే ఏమిటండీ? పగలు వలలుడు, రాత్రి గంధర్వుడు! పగలు పత్రికాఫీసులో కళ్ళజోడు పెట్టుకుని తడబడే క్లార్క్ కెంట్, అవసరం పడితే సూపర్‌మ్యాన్. ఆ బొమ్మల పుస్తకం అమెరికాలో 1938లో అచ్చయింది. మన వంటవాడు అంతకు ఎన్ని వందల ఏళ్ళ ముందువాడో మీరే చెప్పండి. గొప్పలు చెప్పుకోవడానికి అనడం లేదు. ఇద్దరి కష్టం ఒకటే అంటున్నాను.

ఇక్కడి నుంచే తమ్ముడి పందానికి జవాబు మొదలవుతుంది. హస్తినాపురంలో దుర్యోధనుడి వేగులు వెనక్కి వచ్చారు. దేశాలన్నీ గాలించాం, పాండవుల జాడ లేదు అన్నారు. పోతూ పోతూ ఒక వార్త మాత్రం చెప్పారు: విరాటుడి బావమరిది కీచకుణ్ణి ఎవరో గంధర్వులు రాత్రివేళ చంపేశారట. ఎలా చంపారు? కాళ్ళూ చేతులూ తలా మొండెంలోకి నొక్కేసి మాంసం ముద్ద చేసి పడేశారు! మన వైపు కథ చెప్పేవాళ్ళ లెక్క ప్రకారం కీచకుణ్ణి చంపగల బలం ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బలరాముడు, శల్యుడు, భీముడు... బలరాముడికి ఆ అవసరం లేదు. శల్యుడికీ లేదు. మిగిలింది ఎవరు? చేతిరాత దాచుకోవచ్చు గానీ చేతి దెబ్బ దాచుకోలేం.

అదే సభలో భీష్ముడు ఇంకో గుర్తు చెబుతాడు. నా దృష్టిలో ముసుగు వీరుల కథలన్నిటికీ తాళంచెవి ఇదే. ధర్మరాజు ఎక్కడున్నాడో తెలియాలంటే మనిషి కోసం వెతకవద్దంటాడు. ఏ దేశంలో వానలు వేళకు పడుతున్నాయో, పంటలు పండుతున్నాయో, ఆవులు పాలు బాగా ఇస్తున్నాయో, జనం అబద్ధమాడకుండా బతుకుతున్నారో, అక్కడ వెతకండి అంటాడు. చూశారా? ముసుగు వేసుకున్నవాడు ఏం తప్పు చేశాడు? ఏమీ చేయలేదు. మంచివాడు కావడమే వాడి జాడ.

కాబట్టి తమ్ముడూ, శత్రువుకి తెలిసేది హీరో పొరపాటు వల్ల అన్నావు చూడు, అక్కడ నీ పందెం సగం ఓడిపోయావు.

అన్నట్టు, వానల మాట వచ్చింది కాబట్టి. పాలమూరు వైపు వాన ముఖం చాటేసిన ఏడు విరాటపర్వం చదివించమని పెద్దవాళ్ళనడం మీరూ వినే ఉంటారు. ఆంధ్ర దేశమంతటా ఉన్న నమ్మకమే అయినా, పొట్ట చేతపట్టుకుని బొంబాయికీ పూనాకీ మట్టిపనికి వెళ్ళిన జిల్లా కాబట్టి ఇక్కడ దాని బరువు వేరు. ఎన్ని పర్వాలుండగా విరాటపర్వమే ఎందుకు? భీష్ముడి ఈ మాట వల్లనేనేమో అని నాకనిపిస్తుంది. దాక్కున్నవాడు ఉన్నచోట వాన పడుతుందట. చదివితే ఇక్కడా ఉన్నాడేమో అని మబ్బు పొరపడుతుందన్న ఆశ!

పోయిన వేసవిలో సోమశిల వెళ్ళాను. కొల్లాపూర్‌కి దగ్గరే, కృష్ణ ఒడ్డు. అక్కడినుంచి పడవలో అవతలి గట్టుకు పోతే సంగమేశ్వరం గుడి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు నిలిచినప్పుడు గుడి మొత్తం మునిగిపోతుంది, శిఖరం కూడా కనబడదు. నీళ్ళు తగ్గితే మళ్ళీ మెల్లగా పైకి తేలుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అజ్ఞాతవాసమే! లోపలున్నది వేపచెక్క లింగం. పడవ నడిపే పెద్దాయన తెడ్డు వేస్తూనే కథ చెప్పాడు.

"ధర్మరాజు భీముణ్ణి కాశికి తోలిండు సార్, లింగం తెమ్మని. ఆయన జర ఆలస్యం జేసిండు. ముహూర్తం దాటుతున్నదని యాపకట్టెతోని లింగం జేసి నిలవెట్టిండ్రు. భీమునికి కోపమొచ్చింది మల్ల!"

"భీముడు ఇక్కడికి వచ్చాడంటావా పెద్దాయనా?"

"రాకుంటె ఈ ముచ్చట ఎట్లొస్తది?"

నాకు జవాబు తోచలేదు. కాసేపాగి సినిమా మాట తెచ్చాను. ముసుగేసుకున్న హీరోని ఊళ్ళో ఒక్కడు కూడా గుర్తుపట్టడేం అని అడిగితే పెద్దాయన నవ్వాడు. "మా ఊర్ల అయితె నడక జూసి చెప్తరు సార్. మొకం దాక నీకు ఆగరు. ఎవని కొడుకు, ఎవని మనవడు, అంత చెప్తరు."

నిజం. కొల్లాపూర్ లాంటి ఊళ్ళో ముసుగు నిలబడదు. సురభి రాజుల కోట ముందు నుంచి బజారు దాకా నడిచేలోపు పదిమంది "ఏం బిడ్డా, ఎప్పుడొచ్చినవ్?" అని అడిగేస్తారు. ముసుగు పట్నం సరుకు. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియని చోటే స్పైడర్‌మ్యాన్ బతకగలడు.

మన తెలుగు సినిమాకి ముసుగుతో ఇంకో ఇబ్బంది ఉంది. జనం టిక్కెట్టు కొనేది ముఖం చూడటానికి! ఆ ముఖానికి గుడ్డ కడితే హాల్లో కుర్చీలు విరుగుతాయి. అందుకే బుగ్గ మీద ఒక పుట్టుమచ్చ, లేదా కాస్త గడ్డం పెట్టేస్తే సరి, కన్నతల్లి కూడా గుర్తుపట్టకూడదని మనం, నిర్మాతలు కలిసి ఒప్పందం చేసుకున్నాం. రామారావు గారు 1980లో 'సూపర్ మేన్' అయి ఆంజనేయస్వామి దయవల్ల వచ్చిన బలంతో పగ తీర్చుకున్నప్పుడు దాపరికం కన్నా ఆ రూపమే ముఖ్యం. 1990లో చిరంజీవి 'కొండవీటి దొంగ'గా గుర్రమెక్కితే ముసుగు కూడా అందమే. అవి వేరే సరదాలు, వాటిని తప్పు పట్టను. ఆ ముసుగు తీసే క్షణం కోసమే కదా మనం ముందు వరుసలో గొంతు చించుకున్నది.

ఇప్పుడు రెండో సగం. తెలిసిపోయాక కథ చప్పబడుతుందా?

2002లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్' మన ఊళ్ళలో తెలుగు మాటలతోనే ఆడింది. దర్శకుడు శామ్ రైమీ. మీలో చాలామందికి అప్పటికి పళ్ళు కూడా రాలేదు, నేను మాత్రం ఒంటిపూట బడి ఎగ్గొట్టి చూశాను. అందులో గోడలెక్కే దృశ్యాలు, తలకిందులు ముద్దు అందరికీ గుర్తుంటాయి. నాకు గుర్తున్నది మాత్రం ఒక భోజనం బల్ల. మంటల్లో ఎవరో ఆర్తనాదం చేస్తున్నారని స్పైడర్‌మ్యాన్ లోపలికి దూకుతాడు. అక్కడ ఏడ్చేది ఆడమనిషి కాదు, గోబ్లిన్! పోట్లాటలో కుర్రాడి చేతి మీద కోత పడుతుంది. తర్వాత పండగ భోజనానికి అందరూ కూర్చున్నారు. పీటర్ ఆలస్యంగా వచ్చాడు. పిన్ని మే అతని చెయ్యి చూసి "అయ్యో, రక్తం!" అని కంగారు పడింది. సైకిలువాడు గుద్దాడని కుర్రాడు బుకాయించాడు. ఎదురుగా కూర్చున్న స్నేహితుడి తండ్రి నార్మన్ ఆ గాయం వంక చూశాడు. అంతే. విలెం డాఫో ముఖంలో మారే ఆ రంగు చూడాలి! ఏదో సాకు చెప్పి లేచిపోతాడు.

ఎంత మంది చనిపోయారా సీనులో? ఎవరూ చనిపోలేదు. ఎన్ని భవనాలు కూలాయి? ఒక్కటీ లేదు. అయినా హాల్లో ఊపిరి బిగబట్టాం. ఎందుకంటే ఆ నిమిషం నుంచి ప్రమాదం ఆకాశం మీద లేదు, ఇంట్లో ఉంది. ఆ తర్వాత గోబ్లిన్ దాడి చేసింది స్పైడర్‌మ్యాన్ మీదా? కాదు, పడుకోబోయే ముందు దేవుణ్ణి ప్రార్థించుకుంటున్న ముసలి పిన్ని మీద. వీరుడికి ఎంత బలమున్నా సరే, ఇరవైనాలుగ్గంటలూ పిన్ని గుమ్మం దగ్గర కాపలా కూర్చోలేడుగా!

ఇక్కడ కూడా ఆ గాయం ఎలా తగిలిందో గమనించారా? పరాయివాళ్ళను కాపాడబోతే తగిలింది. కీచకుడి శవం ఎలా జాడ చెప్పిందో, కుర్రాడి మోచెయ్యి అలాగే చెప్పింది.

తమ్ముడు మరో తెలివైన ప్రశ్న కూడా అడిగాడు. తెలిసినవాడు ఊరంతా చాటెయ్యడేం? దీనికి నా లెక్క ఇది. శత్రువులు రెండు రకాలు. దుర్యోధనుడి రకం చాటితీరాలి. వాడికి లాభం అందరి ముందు "ఇదిగో అర్జునుడు" అని వేలు చూపించడంలోనే ఉంది, షరతు అలాంటిది. గోబ్లిన్ రకం వేరు. రహస్యం తన జేబులో ఉన్నంతకాలమే దానికి విలువ. పదిమందికి తెలిస్తే చిల్లరయిపోతుంది. మూడో రకం కూడా ఒకడున్నాడు, తాను పోతూ పోతూ పేరు బయటపెట్టి పోయేవాడు. 2019లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ చిత్రం చివర మిస్టీరియో చేసింది అదే. 2021 డిసెంబరులో వచ్చిన తరువాయి భాగమంతా ఆ ఒక్క మాట తెచ్చిన తిప్పలే. చివరికి ఆ కుర్రాడు ఏం కోరుకోవలసి వచ్చిందో చూసినవాళ్ళకి తెలుసు. లోకమంతా తనను మరచిపోవాలి, ప్రేమించిన పిల్లతో సహా! కౌరవులు విధించింది ఒక్క ఏడాది అజ్ఞాతం. వాడు తనకు తాను విధించుకున్నది జీవితాంతం.

2024 సంక్రాంతికి వచ్చిన మన 'హనుమాన్' సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జా హనుమంతు, ఊరు అంజనాద్రి. అక్కడ ముసుగు పెద్ద సమస్య కాదు. పడవ పెద్దాయన చెప్పినట్టు, పల్లెటూళ్ళో ఏది ఎంతకాలం దాగుతుంది? బలం ఎవరిదన్నది కాదు, ఆ బలం ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు గుట్టు. మణి ఉంది, ఎండ తగలాలి. ఆ గుట్టు కోసం వచ్చిన మైకేల్ (వినయ్ రాయ్) మామూలు విలన్ కాడు. చిన్నప్పటి నుంచీ సూపర్ హీరో కావాలన్న పిచ్చి. కథల్లో వీరులందరికీ అమ్మా నాన్నా ఉండరని చదివి, తన అమ్మానాన్నలనే లేకుండా చేసుకున్నవాడు! వాడికి హనుమంతు మీద పగ లేదు, ఉన్నదల్లా ఆశ. ఊరికి మేలు చేసే పెద్దమనిషిలా దిగి, లోపల్లోపల వెతుకుతాడు. దాని ఖరీదు కట్టింది మాత్రం వరలక్ష్మి శరత్‌కుమార్ వేసిన అక్క అంజమ్మ. గుట్టు తెలిశాక హనుమంతు మీద చెయ్యి పడకముందే ఇంటి మీద పడింది. పిన్ని మే కథే, కాకపోతే ఈసారి తప్పించుకోలేదు. నన్నడిగితే ఆకాశంలో జరిగిన ఆఖరి యుద్ధం కన్నా అక్కాతమ్ముళ్ళ సీన్లే ఆ సినిమాని నిలబెట్టాయి.

మళ్ళీ విరాటనగరం వెళదాం, అసలు రుచి అక్కడే మిగిలింది. దుర్యోధనుడి సైన్యం ఉత్తరం వైపు నుంచి వచ్చి గోవుల్ని పట్టింది. ఉత్తరకుమారుడు అంతఃపురంలో కోతలు కోసి, సైన్యాన్ని చూడగానే రథం దూకి పరుగు. సినిమాలో రేలంగి ఆ పరుగు ఎలా పరిగెత్తారో చెప్పడం నా వల్ల కాదు. బృహన్నల వాణ్ణి పట్టుకొచ్చి జమ్మిచెట్టు ఎక్కించి మూట దింపించింది. నేనే అర్జునుణ్ణంటే కుర్రాడు నమ్మలేదు. ఋజువేదీ అన్నాడు, పది పేర్లు చెప్పమన్నాడు! ఉరిమినప్పుడు మన నాయనమ్మలు "అర్జునా, ఫల్గుణా" అని వరసగా తలచుకునేవి ఆ పేర్లే. ముసుగు తీయడానికి మన కథలో ఆధార్ కార్డు అదన్నమాట.

తర్వాత శంఖం. ఆ ధ్వని విని ద్రోణుడు గుర్తుపట్టేశాడు. రెండు బాణాలు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడ్డాయి. శిష్యుడు దణ్ణం పెట్టాడు! చూడండి, గురువుకి మర్యాద చేయబోయి తానెవరో చెప్పేసుకున్నాడు. దుర్యోధనుడు ఎగిరి గంతేశాడు. దొరికాడు, మళ్ళీ పన్నెండేళ్ళు అడవికి పదండి అన్నాడు. అప్పుడు భీష్ముడు వేళ్ళు మడిచి లెక్క తీశాడు. అయిదేళ్ళకు రెండు అధిక మాసాలు వస్తాయి. ఆ లెక్కన పదమూడేళ్ళకు అయిదు నెలల పన్నెండు రోజులు ఎక్కువే గడిచాయి, గడువు నిన్నటితోనే తీరిపోయింది అన్నాడు. శత్రువు గుర్తుపట్టాడు, కానీ ఒక్క రోజు ఆలస్యంగా గుర్తుపట్టాడు! ఒళ్ళు దాచుకోవడం కాదు, రోజులు లెక్కపెట్టుకోవడం మీద నడిచిన ముసుగు కథ ఇది. గాండీవం కన్నా పంచాంగం గొప్ప ఆయుధమైన సీను ప్రపంచంలో ఇంకోటి ఉంటే నాకు రాయండి.

కాబట్టి పందెం తీర్పు. తమ్ముడి మిత్రుడు గెలిచాడు. పందెం ఏమిటో ఉత్తరంలో రాయలేదు గానీ, కొల్లాపూర్ మామిడి తోటల వాళ్ళకు పందెం చెప్పాలా? బంగినపల్లి డజను ఇచ్చుకోవలసిందే. ఒక కాయ ఎక్కువిస్తే మాటలు కూడా కలుస్తాయి.

వచ్చేవారం మరో ఉత్తరం: 'మాయాబజార్'లో శకుని సత్యపీఠం ఎక్కి తన గుట్టు తానే కక్కేశాడు కదా, మరి ఘటోత్కచుడి గుట్టు శశిరేఖ రూపంలో ఉన్నంతసేపూ బయటపడనివ్వకుండా సావిత్రి గారు ఏం చేశారు? వనపర్తి నుంచి ఒక అమ్మాయి అడిగింది. ఈలోగా సినిమా ఇంకోసారి చూసి రండి.